కొలెస్ట్రాల్ రిపోర్టులో కుష్ఠు కనిపిస్తుందా?

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్‌నగర్ దాకా రక్తం తీసే కేంద్రాలకు కొదవ లేదు. 1988లో ఇక్కడి కొండ మీద అపోలో ఆసుపత్రి వచ్చాక ‘మాస్టర్ హెల్త్ చెకప్’ అన్న మాట హైదరాబాద్ మధ్యతరగతి నోళ్లలో బాగా నానింది. పరగడుపున వెళ్లి రక్తం ఇచ్చి రావడం, సాయంత్రానికి ఫోన్లో రిపోర్టు తెరవడం, అన్నిటికంటే ముందు కొలెస్ట్రాల్ గడి వెతుక్కోవడం. నిర్మాతకైనా, హీరోకైనా, ప్రొడక్షన్ మేనేజర్‌కైనా ఇదే వరస. అదే కొండ వాలు మీది బస్తీల్లో సెట్లు వేసే వడ్రంగులు, లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, వాళ్ల ఇళ్లవాళ్లు ఉంటారు. వాళ్లు బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నోస్టిక్స్ వాళ్లు ఉచితంగా పరీక్ష చేసి పంపుతున్నారు. ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఇంత సమంగా అందిన రక్తపరీక్షలు మనకు తక్కువ.

అందుకే ఒక ప్రశ్న. ఈ చవక పరీక్షతో కుష్ఠును పట్టుకోగలమా? ప్రశ్న వింతగా ఉన్నా, దీని వెనక నూటయాభై ఏళ్లకు పైబడిన శాస్త్రం ఉంది. నా జవాబు ముందే చెప్పేస్తాను. రోగ నిర్ధారణకు పనికిరాదు. అయితే ఎందుకు పనికిరాదో తెలుసుకుంటే, ఈ రోగం గురించి మనకున్న అపోహలు సగం వాటంతటవే రాలిపోతాయి.

కథ సూక్ష్మదర్శిని కింద మొదలైంది. నార్వేలోని బెర్గెన్‌లో హాన్సెన్ 1873లో కుష్ఠు క్రిమిని గుర్తించడానికి పదేళ్ల ముందే, జర్మన్ వైద్యుడు విర్కో ఈ రోగుల చర్మంలో విచిత్రమైన కణాలను చూశాడు. ఉబ్బి, లోపలంతా నురుగు పట్టినట్టున్న కణాలవి. వాటికి ‘లెప్రా కణాలు’ అని పేరొచ్చింది. ఆ నురుగంతా కొవ్వు. క్రిమి ఒంటి మీదా మైనపు పూత ఉంటుంది కాబట్టి, ఆ కొవ్వు దానిదేనని చాలాకాలం అనుకున్నారు. తర్వాత తేలింది వేరు. అందులో పెద్ద వాటా రోగిదే. కొలెస్ట్రాల్, దాని ఎస్టర్లు, ఇతర కొవ్వులు, అన్నీ మన ఒంట్లోవే. క్రిమి తాను దూరిన కణం చేత వాటిని పోగు చేయించుకుంటోంది.

దానికి అంత అవసరమేమిటి? 2001లో దాని జన్యుపటం పూర్తిగా చదివాక కొంత అర్థమైంది. పనిచేసే జన్యువులు 1,600 దాకా ఉంటే, చచ్చుపడినవి 1,100 దాకా ఉన్నాయి. పరాన్నజీవిగా బతికి బతికి, సొంతంగా బతికే శక్తినే పోగొట్టుకున్న క్రిమి ఇది. ఇప్పటికీ ఏ ప్రయోగశాల గిన్నెలోనూ దాన్ని పెంచలేకపోతున్నారు. దాని దాయాది క్షయ క్రిమి కొలెస్ట్రాల్‌ను విరగ్గొట్టి ఇంధనంగా వాడుకోగలదు. కుష్ఠు క్రిమి ఆ విద్య కూడా మరిచిపోయింది. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ఓస్వాల్డో క్రూజ్ సంస్థ పరిశోధకులు గత దశాబ్దంలో దీని మీద వరసగా పనిచేశారు. ఇంధనంగా వాడుకోలేకపోయినా, కణంలో కొలెస్ట్రాల్ పోగుపడకుండా అడ్డుకుంటే క్రిమి బతుకు కష్టమవుతుందని 2014లో చూపించారు. మన గుండె డాక్టర్లు రాసే స్టాటిన్ మాత్రలు, కుష్ఠుకు వాడే రిఫాంపిసిన్ మందుకు తోడైతే క్రిములు మరింత చస్తున్నాయని కూడా కణాల్లోనూ ఎలుకల్లోనూ చూశారు. అది ప్రయోగశాల ఫలితం. దాన్ని పట్టుకుని ఎవరూ మందుల షాపుకు పరుగెత్తనక్కర్లేదు.

చర్మంలో కొలెస్ట్రాల్ ఇంతగా పోగుపడితే ఆ జాడ రక్తంలోనూ తెలియాలి కదా? వైద్యులకు ఈ ఆలోచన చాలా ఏళ్ల కిందటే వచ్చింది. మన దేశంలో ఆగ్రాలోని కుష్ఠు పరిశోధన సంస్థ జాల్మా 1970ల నుంచే కుష్ఠు రోగుల రక్తంలో కొవ్వులు కొలిచింది. ఆ తర్వాత ఢిల్లీలోనూ, బ్రెజిల్‌లోనూ కొలిచారు. అన్నీ కలిపి చూస్తే స్థూలంగా కనిపించేది ఇది. క్రిములు ఒళ్లంతా పాకిన లెప్రమేటస్ రకం రోగుల్లో మొత్తం కొలెస్ట్రాల్, మంచి కొలెస్ట్రాల్ అనుకునే హెచ్‌డీఎల్ తగ్గుతాయి. హెచ్‌డీఎల్ రేణువు కట్టుబడి కూడా మారుతుంది. కానీ కొన్ని అధ్యయనాల్లో ఆరోగ్యవంతులకూ రోగులకూ పెద్ద తేడా రాలేదు. రోగుల సంఖ్యేమో చాలాచోట్ల పదుల్లోనే. రోగులను ఎవరితో పోల్చారు, వాళ్లు తింటున్నదేమిటి, అప్పటికే ఏ మందులు వాడుతున్నారు అన్నదాన్ని బట్టి అంకెలు అటూఇటూ అయ్యాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కుష్ఠు ఒకే తీరున ఉండే రోగం కాదు. రిడ్లీ, జాప్లింగ్ 1966లో ఇచ్చిన వర్గీకరణే నేటికీ వాడుకలో ఉంది. ఒక కొసన ట్యూబర్‌క్యులాయిడ్ రకం. ఒకటో రెండో మచ్చలు, స్పర్శ పోతుంది, క్రిములు దాదాపు కనిపించవు. రెండో కొసన లెప్రమేటస్ రకం. చర్మం నిండా క్రిములే. మిగతా రోగులంతా ఈ రెంటి నడుమ ఎక్కడో ఒకచోట ఉంటారు. నురుగు కణాలు, కొవ్వు గొడవ అంతా ఆ రెండో కొసనే. రోగం అంతగా ముదిరితే అనుభవమున్న చర్మవైద్యుడికి మనిషి గదిలోకి వస్తూండగానే అనుమానం తగులుతుంది. మనం పట్టుకోవాల్సింది ఒకే మచ్చతో ఉన్న తొలిదశను. ఆ దశలో లిపిడ్ ప్రొఫైల్ అనే ఈ కొలెస్ట్రాల్ పరీక్షలో చూడ్డానికి ఏమీ ఉండదు. అవసరం లేనిచోట కాస్త పలికి, అవసరమైనచోట మూగబోయే పరీక్ష ఇది.

పోనీ, పలికినచోటైనా స్పష్టంగా పలుకుతుందా? అదీ లేదు. ఒంట్లో ఏ ఇన్ఫెక్షన్ రాజుకున్నా కాలేయం హెచ్‌డీఎల్ కట్టుబడి మార్చేస్తుంది, కొలెస్ట్రాల్ పడిపోతుంది. క్షయలో, హెచ్‌ఐవీలో, మలేరియాలో, తీవ్రమైన సెప్సిస్‌లో జరిగేదీ ఇదే. తిండి చాలకపోయినా, కాలేయం చెడినా, థైరాయిడ్ ఎక్కువైనా తగ్గుతుంది. ఊరి మీద పొగ లేచిందని ఎవరింట్లో పొయ్యి రాజుకుందో ఎలా చెప్పగలం? పైగా మన దేశంలో ఆ పొగ ఎప్పుడూ ఉండేదే. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం జరిపినప్పుడు పరీక్షించినవారిలో 72 శాతం మందికి హెచ్‌డీఎల్ తక్కువే ఉంది. నూటికి 72 మందిలో ఉన్న లక్షణాన్ని అరుదైన రోగానికి గుర్తుగా వాడుకోలేం. జూబ్లీహిల్స్‌లో ఇంకో తిరకాసు. నలభై ఐదు దాటినవాళ్లలో చాలామంది ఎలాగూ స్టాటిన్ మింగుతున్నారు. వాళ్ల కొలెస్ట్రాల్ తగ్గిందంటే ఆ గొప్ప మాత్రదే.

ఒక చిన్న లెక్క కూడా వేసుకుందాం. కొలెస్ట్రాల్‌తో కుష్ఠును పట్టే మంచి సూత్రం ఒకటి దొరికిందనుకోండి. నూరుమంది రోగుల్లో ఎనభైమందిని పడుతుంది, నూరుమంది ఆరోగ్యవంతుల్లో ఎనభైమందిని సరిగ్గానే వదిలేస్తుంది. ఇప్పటిదాకా ఎవరికీ దొరకనంత ఉదారమైన అంకెలే ఇచ్చాను. పదివేలమందికి ఒక రోగి ఉన్నచోట ఈ సూత్రం వాడితే, ఆ ఒక్కరి కోసం రెండువేలమంది మంచివాళ్లకు ‘కుష్ఠు అనుమానం’ అన్న చీటీ చేతిలో పడుతుంది. ఆ రెండువేల ఇళ్లలో ఏం జరుగుతుందో తెలుగువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పెళ్లి సంబంధాలు ఆగిపోతాయి, అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారు, పనిలోంచి తీసేస్తారు. మన పల్లెల్లో ఇప్పటికీ దీన్ని పేరుపెట్టి పిలవకుండా ‘పెద్దరోగం’ అనే అంటారు.

రక్తపరీక్ష తప్పు చెప్పి కుష్ఠు రోగుల పరువు తీయడం కొత్తేమీ కాదు. ఈ విషయంలో కొలెస్ట్రాల్‌కు చిత్రమైన పాత్ర ఉంది. సిఫిలిస్ కోసం చేసే వీడీఆర్‌ఎల్ పరీక్షలో వాడే ద్రావణం మూడు కొవ్వుల మిశ్రమం. కార్డియోలిపిన్, లెసిథిన్, కొలెస్ట్రాల్. తూకంలో ఎక్కువ వాటా కొలెస్ట్రాల్‌దే. సిఫిలిస్ సోకినవాళ్ల రక్తంలోని యాంటీబాడీలు ఆ మిశ్రమంతో కలిసి తరకలు కడతాయి. లెప్రమేటస్ కుష్ఠు ఉన్నవాళ్లలో కొందరి రక్తం కూడా, సిఫిలిస్ ఊసే లేకపోయినా, అలాగే తరకలు కడుతుంది. దానికి ముందు వాడిన వాసర్‌మన్ పరీక్షలోనూ ఇదే జరిగింది. అంటే కుష్ఠు సోకిన మనిషికి ల్యాబ్ కాగితం సుఖరోగం కూడా అంటగట్టింది. ఈ పొరపాటు వైద్య పుస్తకాల్లోకి ఎక్కడానికి, జనం మనసుల్లోంచి దిగడానికి మధ్య చాలా దూరం ఉంది.

ఆ దూరాన్ని పెంచినవాటిలో మన నాటకం, సినిమా కూడా ఉన్నాయి. తమిళంలో ఎం.ఆర్. రాధా నటించిన ‘రక్తకన్నీర్’ 1954లో సినిమాగా వచ్చింది. తెలుగులో నాగభూషణం ‘రక్తకన్నీరు’ నాటకాన్ని ఏళ్ల తరబడి ఊరూరా ఆడి, ఆ పేరునే ఇంటిపేరు చేసుకున్నారు. వేశ్య మోజులో భార్యను వదిలేసినవాడికి చివరికి కుష్ఠు వస్తుంది. నటనగా అది గొప్పదే, సంఘ సంస్కరణ ఉద్దేశమూ ఉంది. కానీ ప్రేక్షకుడు పట్టుకెళ్లిన వైద్యపాఠం మాత్రం పూర్తిగా తప్పు. కుష్ఠుకూ నడవడికకూ సంబంధం లేదు. చికిత్స పొందని రోగితో చాలాకాలం దగ్గరగా మెలిగినప్పుడు, ముఖ్యంగా ముక్కు నుంచి వెలువడే తుంపరల ద్వారా అది సోకుతుందని భావిస్తున్నారు. సోకినా, నూటికి దాదాపు తొంభైఐదు మందికి సహజంగానే తట్టుకునే శక్తి ఉంటుంది. రోగం బయటపడటానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పడుతుంది.

ఇంకో మాట. తెర మీది కుష్ఠు ఎప్పుడూ కట్లు కట్టుకుని, వేళ్లు రాలి, గుడి మెట్ల మీద డబ్బా పట్టుకునే ఉంటుంది. ఫిల్మ్‌నగర్ మేకప్ గదుల్లో రబ్బరు, జిగురుతో తయారయ్యే ఆ రూపం, వైద్యం అందక పదిహేను ఇరవై ఏళ్లు గడిచాక వచ్చే వైకల్యానిది. లెప్రమేటస్ రకం మొదట్లో చర్మం నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. చూసినవాళ్లు ‘ఒంటికి నీరు పట్టింది’ అనుకునే రకం. కనుబొమలు బయటి కొసల నుంచి పల్చబడతాయి. చెవి తమ్మెలు దళసరి ఎక్కుతాయి. ఇతరుల ముఖాలను అంత దగ్గరగా, అంత వెలుతురులో రోజూ చూసేవాళ్లు డాక్టర్ల తర్వాత మేకప్‌మెన్‌లే. కనుబొమలు ఎందుకు పల్చబడ్డాయో అడగకుండా పెన్సిల్‌తో దిద్దేయడం వాళ్ల పని. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, ఎవరూ చెప్పలేదు మరి.

సరే, కొలెస్ట్రాల్ కాకపోతే మరేమిటి? రోగనిర్ధారణకు ఇప్పటికీ మూడు ఆధారాలు. మామూలు చర్మం కంటే పాలిపోయిన లేదా ఎర్రబారిన మచ్చ మీద స్పర్శ కచ్చితంగా పోయి ఉండాలి. లేదా నరం దళసరెక్కి, అది వెళ్లే భాగంలో స్పర్శ గానీ బలం గానీ తగ్గి ఉండాలి. లేదా చర్మపు గీతలో క్రిములు కనిపించాలి. మూడింటిలో ఒక్కటున్నా చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు కూడా రోగిని ఒళ్లంతా చూసి నిర్ధారించడానికే పెద్దపీట వేశాయి.

మచ్చను పరీక్షించే తీరు చూడండి. ముందుగా కళ్లు తెరిచి ఉండగానే, మంచి చర్మం మీద దూదిపోగు ఆనించి ‘ఇలా తగిలినప్పుడల్లా వేలితో ఆ చోటు చూపించు’ అని నేర్పుతారు. తర్వాత కళ్లు మూయిస్తారు. చేతి మీద ఇక్కడ తాకితే వేలు వెంటనే అక్కడికే వస్తుంది. మచ్చ మధ్యలో తాకితే వేలు కదలదు. మళ్లీ తాకినా కదలదు. దూది లేకపోతే బాల్‌పెన్ను కొస చాలు. తర్వాత మోచేతి వెనక, లోపలివైపు ఎముక పక్కనుండే నరాన్ని వేళ్లతో తడుముతారు. రెండు చేతులూ పోల్చి చూస్తే ఒకటి తాడులా తగులుతుంది. అనుమానం మిగిలితే చెవి తమ్మెను రెండు వేళ్లతో రక్తం లేకుండా నొక్కిపట్టి, బ్లేడుతో అర సెంటీమీటరు పొడవున చిన్న గాటు పెట్టి, లోపలి అంచును గీకి గాజు పలక మీద పూస్తారు. రంగు వేసి చూస్తే, క్రిములుంటే ఎర్రటి కడ్డీలు కట్టలు కట్టలుగా కనిపిస్తాయి. నమూనా తీయడానికి ఎంతోసేపు పట్టదు. కాకపోతే చేతికి అలవాటు ఉండాలి, ఇప్పుడు కరువైంది ఆ అలవాటే.

ఎందుకు కరువైందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. తెలుగు నేలకు కుష్ఠు వైద్యంలో పెద్ద చరిత్రే ఉంది. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో మొదలుపెట్టిన ఆసుపత్రి ఒకప్పుడు దేశమంతా పేరుపడింది. అక్కడ ఇంజెక్షన్లుగా ఇచ్చింది చాల్‌ముగ్రా జాతి గింజల నూనె. కొవ్వు పోగు చేయించుకునే క్రిమి మీద కొవ్వునే మందుగా వాడారన్నమాట. సాలూరులో ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఉంది. ఫిల్మ్‌నగర్ నుంచి కొద్ది దూరంలో కూకట్‌పల్లిలో రాణి కుముదినీ దేవి 1958లో శివానంద పునరావాస గృహం నెలకొల్పారు. తర్వాత ఆమె హైదరాబాద్‌కు తొలి మహిళా మేయరయ్యారు. 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చాక రోగుల సంఖ్య పడిపోయింది. 2005 డిసెంబరుకు దేశంలో పదివేల మందికి ఒకరి కంటే తక్కువైంది. ‘నిర్మూలన సాధించాం’ అన్నారు. ప్రత్యేక సిబ్బంది పోయి, కుష్ఠు పని సాధారణ ఆరోగ్య కేంద్రాల్లో కలిసిపోయింది. లెక్క తగ్గిందే గానీ రోగం పోలేదు. నేటికీ భారతదేశంలో ఏటా లక్ష మంది దాకా కొత్త రోగులు బయటపడుతున్నారు, ప్రపంచం మొత్తంలో సగానికి పైగా మనవాళ్లే. తగ్గిందల్లా మచ్చ చూడగానే దూదిపోగు అందుకునే చేతుల సంఖ్య.

రక్తంలో మెరుగైన గుర్తుల కోసం వెతుకులాట హైదరాబాద్‌లోనూ సాగుతోంది. బీబీసీ పిల్లల కార్యక్రమం ‘బ్లూ పీటర్’ ప్రేక్షకుల విరాళాలతో చర్లపల్లిలో ఏర్పడిన లెప్రా సంస్థ పరిశోధన కేంద్రం అలాంటిదే. ఇక్కడా కొవ్వు కథే మళ్లీ వస్తుంది. క్రిమి పొరలో పీజీఎల్-1 అనే ప్రత్యేకమైన కొవ్వు ఉంటుంది.  దాని మీద మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను వేలి చుక్క రక్తంతో పసిగట్టే పరీక్షలు వచ్చాయి. కొలెస్ట్రాల్ కంటే ఇవి ఎంతో నయం. కానీ క్రిములు ఎక్కువున్నవాళ్లలోనే బాగా పనిచేస్తాయి, ఒకటి రెండు మచ్చలవాళ్లలో చాలావరకు విఫలమవుతాయి. రోగం లేకుండా రోగితో కలిసి బతికేవాళ్లలోనూ పాజిటివ్ రావచ్చు. క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్‌దీ చాలావరకు అంతే. క్రిమి లేనిచోట ఏ యంత్రమైనా దేన్ని చూపిస్తుంది?

ఇంతకీ లిపిడ్ ప్రొఫైల్‌కు కుష్ఠు వైద్యంలో చోటే లేదా? ఉంది, నిర్ధారణ అయ్యాక. రోగనిరోధక శక్తే ఎదురుతిరిగి వాపు తెచ్చే లెప్రా రియాక్షన్లు వచ్చినవాళ్లకు, నరాలు దెబ్బతినకుండా నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ ఇస్తారు. దాంతో చక్కెర, రక్తపోటు, కొవ్వులు పెరుగుతాయి. వాళ్లకు ఈ పరీక్షలు తప్పనిసరిగా చేయిస్తుండాలి. ఇంకో హెచ్చరిక చాలామంది డాక్టర్లకూ తట్టదు. కుష్ఠు మందుల్లో రోజూ వేసుకునే డాప్సోన్ ఎర్రకణాల ఆయుష్షు తగ్గిస్తుంది. దాంతో మూడు నెలల చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. మధుమేహం ముదురుతున్నా రిపోర్టు బాగానే ఉందంటుంది. అలాంటివాళ్లు పరగడుపు చక్కెరనే నమ్ముకోవాలి.

నా అభ్యంతరం కొలెస్ట్రాల్ పరీక్ష మీద కాదు. వేలరూపాయల హెల్త్ ప్యాకేజీలో అరవై డెబ్బై అంకెలు ఇచ్చి, మనిషిని చొక్కా విప్పించి వీపు మీద మచ్చ ఉందా అని ఒక్కసారి కూడా చూడకపోవడం మీద. వీపు మీది మచ్చ మనకు మనం చూసుకోలేం. జూబ్లీహిల్స్ ఆసుపత్రులకు ఇది ఐదు నిమిషాల పని. ఫిల్మ్‌నగర్ వైపు యూనియన్లు తమ సభ్యుల వైద్యశిబిరాల్లో బీపీ, షుగర్‌తోపాటు ఒక చర్మవైద్యుణ్ని కూర్చోబెడితే చాలు. మేకప్ కళాకారులకు అరపూట శిక్షణ ఇస్తే ఇంకా మంచిది. బస్తీల్లో ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తలు ఈ పని ఎలాగూ చేస్తున్నారు. తలుపు తీయాల్సింది మనం.

మీ ఒంటి మీద గానీ ఇంట్లోవాళ్ల ఒంటి మీద గానీ దురద లేని, నొప్పి లేని, పాలిపోయిన మచ్చ ఉంటే దూదితో తాకి చూడండి. తాకినట్టు తెలియకపోతే ల్యాబ్‌కు కాదు, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. మచ్చలు కొద్దిగా ఉంటే ఆరు నెలలు, ఎక్కువుంటే పన్నెండు నెలలు మందు వాడాలి. ఆ మందు పూర్తిగా ఉచితం.